గచ్చిబౌలిలో మాత్రమే ఆగిపోయే బండి

హఫీజ్‌పేట్ స్టేషనుకి వెళ్ళే రోడ్డులో నా షాపు ఉన్నంత కాలం అది షాపు కాదు, దవాఖాన. ఈ మాట నేనే అనుకున్నది, నేనే నలుగురికీ చెప్పింది. బండ్ల కరెంటు పనిలో నన్ను మించినవాడు ఇటు పటాన్‌చెరు వరకు, అటు మెహదీపట్నం వరకు లేడని బోర్డు రాయించాలనుకున్నాను కానీ బోర్డు మీద అంత చోటు దొరకలేదు. మొండి ఇంజిను ముందు నిలబడి నేను ఒకసారి గొంతు సవరించుకుంటే చాలు, భయపడి స్టార్టయ్యేది. చచ్చిన బ్యాటరీలు నా చెప్పుల చప్పుడికి కళ్ళు తెరిచేవి.

ఇప్పుడు షట్టరు దించేశాను. సన్నతీగల రంగులన్నీ కళ్ళకి ఒకేలా కనిపించడం మొదలుపెట్టాయి. బండి కిందికి దూరిన నడుము మళ్ళీ పైకి రానని మొరాయించింది. నా దవాఖాన ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు మాత్రం నన్ను మర్చిపోలేదు. ఎక్కడైనా కనబడితే టీ తాగించి, నువ్వు పట్టిన పెద్ద ఫాల్టు ఏదైనా చెప్పు అన్నా అంటారు. చాలా చెప్పాను. వాటిలో సగం నిజంగా జరిగినవే. ఇది మాత్రం నేను పట్టుకోలేకపోయిన ఫాల్టు. ఇందులో నా తెలివి గురించి రాసిందంతా మీరు సగానికి తగ్గించి చదువుకోండి. సిగ్గు గురించి రాసింది తగ్గించకండి, అది ఉన్నదున్నట్టే రాశాను.

పాలమూరు జిల్లా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం. ఆయన పుప్పాలగూడలో కడుతున్న అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా ఉండేవాడు. ఆమె అక్కడే తోపుడుబండి మీద కూలీలకి ఇడ్లీలు వండిపెట్టేది. కట్టడం పూర్తయింది, ఉద్యోగం పూర్తయింది, వాళ్ళు హఫీజ్‌పేట్ రైలు పట్టాల పక్క కాలనీలోకి కిరాయికి వచ్చారు. గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆఫీసు గేటుకి ఎదురుగా, ఫుట్‌పాత్ పక్కన ఆమెకి కాస్త జాగ దొరికింది. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు బస్సు దిగి లోపలికి పోయేముందు అక్కడ నిలబడి తిని పోయేవారు. ఆమె అల్లం చట్నీ కోసం ఆఫీసులో పొద్దుటి మీటింగులు ఆలస్యమవుతున్నాయని నేను విన్నాను. విన్నానో, నేనే పుట్టించానో ఇప్పుడు గుర్తులేదు.

హఫీజ్‌పేట్ నుంచి గచ్చిబౌలికి రోజూ గిన్నెలతో వెళ్ళడానికి బండి కావాలి. వాళ్ళ స్తోమతకి దొరికింది పాత సామాను దుకాణంలో ఒక ట్రాలీ ఆటో. వెనకాల సామాను పెట్టుకునే తొట్టి, ముందు మూడో చక్రం, మధ్యలో ఇంజిను ఉండాల్సిన చోట పెద్ద ఖాళీ. అదే దుకాణంలో లారీ కింద పడి నుజ్జయిన బైకు ఒకటి ఉంది. దాని ఒళ్ళంతా పోయినా ఇంజినుకి గీత కూడా పడలేదు. ఆ బైకు ఇంజిను ఈ ఆటోలో పెడితే బండవుతుందా అని ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. కాదనే మాట నా నాలిక మీద పుట్టలేదు. రవాణా శాఖవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ పేరా వదిలేసి కిందికి దిగవలసిందిగా ప్రార్థన.

నా పక్క షాపు వెల్డింగ్ ఉస్తాద్‌ది. గడ్డం తెల్లబడ్డ పెద్దమనిషి. నన్ను డాక్టర్ సాబ్ అనేవాడు, అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నేను ఎన్నడూ తూచలేదు. ఇంజిను కూర్చోబెట్టే ఇనప చట్రం ఆయన చేశాడు, చైను వెనక చక్రాలకి ఆయనే కలిపాడు. బైకు ఇంజినుకి రివర్సు గేరు ఉండదు కనుక వెనక్కి పోవాలంటే దిగి తొయ్యడమే. ఆ సంగతి విని ఆమె నవ్వి, ఇన్నేండ్లు తోపుడుబండి తోసినోళ్ళం, గదొక కష్టమా అంది. పని ముగించి ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"డాక్టర్ సాబ్, బాడీ నాది, జాన్ నీది. రేపు ఈ బండి రోడ్డు మీద ఆగితే నన్ను పిలవకు."

జాన్ అంటే ఇంజినులో నిప్పురవ్వ పుట్టించే తీగలు. ఇక్కడ ఒక్క నిమిషం ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే నా సిగ్గు మీకు అర్థం కాదు. ఆ బైకులో నలుపు మీద తెల్లగీత ఉన్న తీగ ఒకటి ఉంది. దాని పనల్లా ఇంజిను ఆపడమే. తాళంచెవి ఆఫ్ చేస్తే ఆ తీగ బండి ఇనుముకి తగులుతుంది, రవ్వ చచ్చిపోతుంది, ఇంజిను ఆగుతుంది. ఆన్ చేస్తే ఇనుముని వదిలేస్తుంది, ఇంజిను బతుకుతుంది. అంటే దారిలో ఎక్కడైనా ఆ తీగ తోలు లేచి ఇనుముకి తగిలిందంటే, తాళం ఆన్‌లో ఉన్నా ఇంజిను లెక్కలో ఆఫ్ అయినట్టే. బైకు తీగలు ఆటో హ్యాండిల్ దాకా అందలేదు కనుక హెడ్‌లైటు కింద వాటిని అతికి పొడుగు చేశాను. మెలేసి, టేపు చుట్టి, ఆ అతుకుని చూసి నాకు నేనే శెభాష్ అనుకున్నాను.

ఒక్క కిక్కుకి స్టార్టయింది. ఆ శబ్దానికి రైలు ఆగిపోయిందని చెప్పను గానీ స్టేషను మాస్టరు కిటికీలోంచి తొంగిచూసి ఉండవచ్చు.

మా దగ్గర పని అయిన బండి ఉత్తగా బయటికి పోదు. దిష్టి తగలకుండా బండి ముందు నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండ కట్టి పంపిస్తాం. అందరూ దారంతో కడతారు. నాది అందరి చెయ్యి కాదు కదా. దారం ఒక వానకి నానుతుంది, రెండో వానకి తెగుతుంది. నేను పనికిరాని పాత వైరింగులోంచి రాగితీగ లాగి, పై తొడుగు ఒలిచి, మెరిసే ఆ తీగ మీద నిమ్మకాయ గుచ్చేవాణ్ణి. ఎండిన కాయ రాలినా తీగ రాలదు. బండికి ఎదురొచ్చేవాడు చూసి, ఇది ఫలానా షాపు బండి అని గుర్తుపట్టాలి. నీ చెయ్యి మంచిదన్నా, నువ్వే కట్టు అని ఆమె కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. హెడ్‌లైటు కింద గట్టిగా రెండు మెలికలు వేసి కట్టాను.

వారం తిరక్కుండానే మొగుడు వచ్చాడు. మనిషి మాట తక్కువ. అడిగితేనే చెబుతాడు, చెప్పినా సగమే చెబుతాడు. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకి లేస్తున్న బండి, గచ్చిబౌలి దాకా గుర్రంలా పోతున్న బండి, అక్కడ అమ్మకం అయిపోయి ఇంటికి బయల్దేరదామంటే మాత్రం లేవడం లేదట. ఇద్దరూ కలిసి నాలుగడుగులు తోస్తే మళ్ళీ ఏమీ జరగనట్టు లేస్తోందట. ఎట్లా నిలబెడుతున్నావని అడిగాను. అక్కడ రోడ్డు వాలుగా ఉంటది, అందుకని హ్యాండిల్ మొత్తం ఎడమకి తిప్పి ముందు చక్రం ఫుట్‌పాత్‌కి ఆనించి పెడుతున్నానన్నాడు. ఒకసారి ఇరుకు సందులో ఎడమకి గట్టిగా తిప్పితే బండి దగ్గిందని కూడా చెప్పాడు. ఇరుకు సందులో ఎవరికైనా దగ్గొస్తుందిలే అని నేను జోకు వేశాను. తమ్ముళ్ళూ, ఆయన ఫాల్టుని పళ్ళెంలో పెట్టి నా ముందుంచాడు. నేను దాని మీద జోకు వేసి పక్కకు నెట్టాను.

బండి షాపులో పెట్టించి, పని మొదలుపెట్టే ముందు అలవాటుగా పాత దండ తెంపి పారేశాను. తర్వాత ఎన్నిసార్లు కిక్కు కొట్టినా లేచింది. అటు తిప్పినా లేచింది, ఇటు తిప్పినా లేచింది. నేను ఆలోచనలో పడ్డాను. నేను ఆలోచనలో పడితే లోతు ఎక్కువ, బయటికి రావడానికి సమయం పడుతుంది. చివరికి ఇడ్లీపాత్ర ఆవిరి అని తేల్చాను. తొట్టిలోంచి వచ్చే ఆవిరి, రవ్వని నడిపించే సీడీఐ అనే నల్లడబ్బాలోకి దూరి తడి చేస్తోందని చెప్పి, ఆ డబ్బాని సీటు కిందికి మార్చి, ప్లాస్టిక్ కవరు తొడిగి, కొత్త నిమ్మకాయల దండ నా చేత్తో కట్టి పంపాను.

మళ్ళీ వచ్చింది. ఈసారి వేడి అన్నాను. బైకు మీద ఉన్నప్పుడు గాలి తగిలే ఇంజిను ఆటో పొట్టలో ఉడికిపోతోంది, అందుకే గచ్చిబౌలి చేరేసరికి అలిసిపోతోంది. కాయిల్ మార్చాను, రేకు కోసి గాలికి దారి చేశాను, దండ కట్టాను. మళ్ళీ వచ్చింది. ప్లగ్గు మార్చాను, మాగ్నెట్ విప్పి చూశాను, దండ కట్టాను. ప్రతిసారీ షాపులో బంగారంలా లేచేది. ఉస్తాద్ వెల్డింగ్ అద్దం పైకెత్తి చూసేవాడు.

"దానికి గచ్చిబౌలి నీళ్ళు పడ్తలేవు డాక్టర్ సాబ్. కార్డు వేస్కున్న పిల్లల్ని చూస్తే షరమ్ వస్తుందేమో, ఒక కార్డు దీని మెడల గూడ ఎయ్యి."

నవ్వాను కానీ లోపల మండింది. అప్పటికి నా మనసులో తప్పు ఎవరిదో తేలిపోయింది. నా పని బాగున్నప్పుడు, నా షాపులో బండి బాగున్నప్పుడు, వాళ్ళ చేతికి పోయాకే చెడుతున్నప్పుడు, చెడగొట్టేది వాళ్ళే. ఆయన ఏదో కెలుకుతున్నాడు. మాట తక్కువ మనిషి మీద అనుమానం పడటం ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

ఒకరోజు ఆమె ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. అక్కడి పద్ధతి చెప్పింది. రోడ్డు ఖాళీ చేయించే మునిసిపాలిటీ లారీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వచ్చినప్పుడు కదలగలిగిన బండ్లన్నీ కదిలి, ఒక చుట్టు తిరిగి, లారీ పోయాక ఎవరి జాగలోకి వాళ్ళు వస్తారు. కదలని బండిని ఎత్తి లారీలో వేసుకుని పోతారు. దాన్ని విడిపించుకుని వచ్చేసరికి ఆ జాగలో ఇంకెవరో పొయ్యి వెలిగించి ఉంటారు. తర్వాత వాళ్ళని లేవమనడానికి అది ఎవరి సొంతమూ కాదు.

"ఇప్పటిదాంక తోసుకుంట బతికినమన్నా. ఒక్కసారి తోసే టైం దొరకలేదనుకో, మా జాగ పోతది. మల్ల గసొంటి జాగ మాకు దొరకదు."

ఫికర్ చేయకమ్మా అన్నాను. నేనే వచ్చి చూస్తాను, ఫాల్టు గచ్చిబౌలిలో ఉంటే గచ్చిబౌలిలోనే దాని మెడ పట్టుకుంటాను అన్నాను. ఆమె ముఖంలో వెలుగు చూసి నా కంటికి నేనే ఇంకో మూర ఎత్తు పెరిగాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. జేబులో కరెంటు చూసే టెస్ట్ లాంప్, చేతిలో చిన్న సంచి. ఎదురుగా అద్దాల మేడ, దాని నీడలో వరసగా తోపుడుబండ్లు, టీ సైకిళ్ళు, మన ట్రాలీ ఆటో. హ్యాండిల్ ఎడమకి తిరిగి, చక్రం ఫుట్‌పాత్‌కి ఆని, హెడ్‌లైటు కింద నా రాగితీగ దండ తళతళా మెరుస్తోంది. ఆమె నాకు ఇడ్లీ పెట్టి, చుట్టూ తింటున్నవాళ్ళకి నన్ను చూపించి, ఈ బండికి పానం పోసింది ఈ అన్ననే అని చెప్పింది. అంతే, నాకు కావలసింది అదే. చేతిలో ప్లేటు పట్టుకుని ఆ పిల్లలకి బైకు ఇంజిను ఆటోలో బతకడమెలాగో పాఠం చెప్పాను. వాళ్ళు కంప్యూటర్లలో ఏం చేస్తారో నాకు తెలీదు కానీ ఆ పొద్దున మాత్రం నా ఎదుట ఎల్‌కేజీ పిల్లలైపోయారు. ఒకరిద్దరు ఫోనులో వీడియో కూడా తీశారు.

అప్పుడే టీ సైకిలాయన ఈల వేశాడు. మలుపు దగ్గర లారీ కనబడింది.

కళ్ళు మూసి తెరిచేలోగా వరస సగం ఖాళీ అయింది. ఆమె స్టవ్ ఆర్పి గిన్నెలు తొట్టిలోకి తోసింది. ఆయన సీటెక్కి కిక్కు కొట్టాడు. లేవలేదు. మళ్ళీ కొట్టాడు. లేవలేదు. అలవాటున కిందికి దిగి, హ్యాండిల్ తిన్నగా తిప్పి తోద్దామని దాని మీద చెయ్యి వేశాడు. ఆమె అప్పటికే వెనక చేతులు ఆనించింది.

నేను అడ్డం పడ్డాను.

తొయ్యొద్దన్నాను. ఇన్నాళ్ళకి ఫాల్టు నా కళ్ళముందు ఉంది, ఇప్పుడు బండిని కదిలిస్తే అది పారిపోతుంది, రెండే రెండు నిమిషాలు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అన్నాను. మా పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు, వచ్చిపోయే ఫాల్టు దొరికినప్పుడు మనిషికి ఒళ్ళు తెలియదు. ఆయన లారీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, హ్యాండిల్ మీంచి చెయ్యి తీసేశాడు. నేను ప్లగ్గు విప్పి, బాడీకి ఆనించి, కిక్కు కొట్టి చూశాను. రవ్వ లేదు. స్పార్క్ లేదు అని గట్టిగా ప్రకటించాను, మందు కనిపెట్టినవాడిలాగా. సీటు లేపాను. డబ్బా కవరు విప్పాను. కాయిల్ తీగ పీకి మళ్ళీ పెట్టాను. మూడు అడుగుల దూరంలో, తిరిగివున్న హ్యాండిల్ కింద, నా దండ వేలాడుతోంది. దాని వైపు నేను చూడలేదు. దాన్ని ఎందుకు చూస్తాను, అది దేవుడి డిపార్టుమెంటు.

లారీ వచ్చి మా పక్కనే ఆగింది.

దిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. బండి తియ్యమని రెండుసార్లు చెప్పారు. ఆమె వాళ్ళని బతిమాలింది, ఇగ లేస్తది సార్, మిస్త్రీ ఇక్కడనే ఉన్నడు అంది. అందరూ నా వైపు తిరిగారు. లారీవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు, ఇంతసేపూ నా పాఠం విన్న పిల్లలు. వీడియో తీస్తున్నవాడు ఇంకా తీస్తూనే ఉన్నాడు. లారీ మనిషి ఒకడు, గిదేం మిస్త్రీ, ఇడ్లీ తిననీకి వచ్చినట్టున్నడు అన్నాడు. ఎవరో నవ్వారు.

ఆ నవ్వు నా ఇస్త్రీ చొక్కా లోపల ఎక్కడో దిగింది. నేను ఆయన వైపు తిరిగి, అందరికీ వినబడేలా అడిగాను.

"నిజం చెప్పు. నేనిచ్చిన తర్వాత వైరింగులో చెయ్యి పెట్టావా, లేదా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. మళ్ళీ నా ముఖంలోకి చూశాడు.

"పెట్టిన అన్నా" అన్నాడు. "హారన్ పలకకుంటే జర కదిలిచ్చిన."

ఒళ్ళు తేలికైంది. చూశారా అన్నట్టు నేను చుట్టూ చూశాను. నేనిచ్చినప్పుడు బాగానే ఉంది, వీళ్ళే చెడగొట్టుకున్నారు అని నోటితో కూడా అన్నాను. ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. అన్న ఇన్నిమాట్ల అడిగితె ఎందుకు చెప్పలేదు, నీ చెయ్యి ఊకుండదా, మన బతుకు బుగ్గి చేసినవ్ గద అని ఆ జనంలోనే ఏడుస్తూ తిట్టింది. ఆయన తలవంచుకుని, లారీవాళ్ళు బండి ఎత్తుతుంటే ఒక పక్క తానూ పట్టాడు, గిన్నెలు పడిపోకుండా. నేను టెస్ట్ లాంపు జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

కొన్ని రోజులకి బండి విడిపించుకునే కాగితాలు అయ్యాయి. నేనూ వస్తానన్నాను. పెద్దమనసు అనుకోకండి, ఆయన కెలికిన తీగ ఏదో పట్టుకుని చూపించాలని నా ఉబలాటం. ఎత్తుకొచ్చిన బండ్లు పెట్టే యార్డు ఊరి చివర రాళ్ళగుట్ట పక్కన ఉంది. గేటు దగ్గర ఒక ముసలి వాచ్‌మన్, ఆయన కుర్చీ వెనకాల గోడ అవతల ఎండిపోయిన నిమ్మకాయల కుప్ప. ఇదేమిటని అడిగాను. లోపలికి వచ్చే ప్రతి బండికీ కటింగ్ ప్లయరుతో దండ కత్తిరించి అవతల పారేస్తాడట.

"ఎవలి దిష్టి వాళ్ళింటికాడ ఉండాలె సార్. ఇన్ని బండ్ల దిష్టి తెచ్చి నా ఒక్కని నెత్తి మీద పెడితె నేనెట్ల బతకాలె?"

మన ట్రాలీ ఆటో ఒక మూల పడి ఉంది. లారీలోంచి దించిన తీరులోనే హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిరిగి ఉంది. గిన్నెల్లో ఒకటి సొట్ట. నేను చొక్కా చేతులు మడిచి, ముందు ఫాల్టు చూపిస్తాను, తర్వాత దాని కారణం చూపిస్తాను అని చెప్పి కిక్కు కొట్టాను.

లేచింది.

ఆపి మళ్ళీ కొట్టాను. లేచింది. హ్యాండిల్ కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను. పాట పాడుతున్నట్టు పాడుతోంది. ఇన్ని రోజులు ఎవరూ ముట్టుకోని బండి, నేనూ ముట్టుకోని బండి, దానంతటదే ఎలా బాగైంది? ఎవరూ ముట్టుకోలేదా? యార్డు వాచ్‌మన్ ముట్టుకున్నాడు. నేను వంగి హెడ్‌లైటు కింద చూశాను. దండ లేదు. కత్తిరించిన రాగితీగ ముక్క మాత్రం, జానెడు, తీగల కట్ట లోపలికి వెళ్ళే రంధ్రంలో ఇంకా ఇరుక్కుని ఉంది.

లాగాను. దాంతో పాటు చిరిగిన నా టేపు ముక్క వచ్చింది. నేను శెభాష్ అనుకున్న అతుకు, నలుపు మీద తెల్లగీత తీగ అతుకు, బోసిగా బయటపడింది. దండ వేలాడదీయడానికి ఆ రంధ్రంలోంచే దూర్చి, ప్రతిసారీ గట్టిగా రెండు మెలికలు వేసి కట్టిన నా రాగితీగ ఆ టేపుని కోసుకుంటూ లోపలికి పోయింది. దాని రెండో చివర బండి రేకుకి ఆని ఉండేది. హ్యాండిల్ ఎడమకి తిరిగినప్పుడల్లా తీగల కట్ట బిగిసి, అతుకు రాగితీగకి ఒత్తుకునేది. తాళం ఆన్‌లోనే ఉన్నా బండి ఆఫ్ అయిపోయేది. షాపులో దండ తెంపగానే బాగుపడేది. బాగుచేశానని చెప్పి నేనే మళ్ళీ చెడగొట్టి పంపేవాణ్ణి. అదీ మంచి చెయ్యి అని పేరు పెట్టుకుని.

తీగ ముక్క నా పిడికిట్లో ఉంది. నిజం చెబుతున్నాను, మొదట వచ్చిన ఆలోచన దాన్ని జేబులో వేసుకోవడమే. ఎవరూ చూడలేదు. టేపు కొత్తది చుట్టేస్తే అయిపోతుంది. ఇంకో కథ ఏదైనా అల్లగలను, అల్లడంలో నాకు పోటీ లేదు.

ఆమె అప్పటికే సంతోషంతో చేతులు జోడించింది. ఆ వెంటనే మొగుడి వైపు తిరిగింది.

"చూసినవా? అన్న చెయ్యి పడంగనే లేసింది. నీ చెయ్యి పడితె జాగనే పోయింది. ఇంకోపారి దీన్ని ముట్టినవనుకో, ఊరికి పోయి గొడ్లు కాసుకో."

ఆయన తొట్టిలోకి వంగి సొట్ట గిన్నెని తుడుస్తున్నాడు. ఆమె చేతిసంచిలోంచి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తీసి నా ముందుకి చాపింది. నీ చేత్తోనే కట్టన్నా, మంచిగ గట్టిగ కట్టు అంది.

కట్టలేనమ్మా అన్నాను. ఎందుకన్నా అంది. ఇంజిను నడుస్తుండగానే పిడికిలి తెరిచి, ఆ రాగితీగ ఒక చివర అతుకు మీద, ఇంకో చివర బండి రేకు మీద పెట్టాను. ఇంజిను టక్కున ఆగిపోయింది. తీగ తీసి కిక్కు కొట్టాను. లేచింది. పెట్టాను. ఆగింది. మూడోసారి పెట్టబోతుంటే ఆమె వద్దన్నా, సమజైంది అంది.

ఆయన ఏమీ చెడగొట్టలేదమ్మా, చెడగొట్టింది నేనే, ఆరోజు మీరు తోస్తుంటే నేను ఆపకుండా ఉంటే బండి లేచి ఉండేది అన్నాను. ఇన్నేళ్ళలో నేను ఏదీ పెంచకుండా చెప్పిన వాక్యం బహుశా అదొక్కటే.

ఆమె నన్ను తిట్టలేదు. నా వైపు చూడనే లేదు. తిడితే బాగుండేది, తిట్లకి నా దగ్గర ఎప్పుడూ జవాబులు ఉండేవి. ఆమె మొగుణ్ణి చూస్తోంది.

"మరి నువ్వు చెయ్యి పెట్టినన్నవ్ గద?"

"పెట్టలే."

"మరెందుకన్నవ్?"

ఆయన గిన్నె కింద పెట్టాడు. ఎప్పుడూ సగమే చెప్పే మనిషి ఆ పూట మొత్తం చెప్పాడు.

"గంతమంది ముంగట అడిగిండు. నేను పెట్టలే అంటే అన్న ఇజ్జత్ ఏం గావాలె? బండి ఎట్లయిన వాళ్ళు ఎత్తుకపోతనే ఉండిరి. మన జాగ పోతె ఇంకో జాగ చూస్కుంటం. మిస్త్రీకి పేరు పోతె ఇగ ఏం చేస్తడు?"

నేను సంచిలోంచి టేపు తీసి అతుకు చుట్టాను. వంకరగా వచ్చింది, విప్పి మళ్ళీ చుట్టాను. ఆమె నిమ్మకాయని మళ్ళీ సంచిలో వేసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయన దగ్గరికి వెళ్ళి ఆయన చొక్కాకి అంటిన మసి దులిపింది.

నేను బస్సులో పోతాను, మీరు వెళ్ళండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇక్కడికి బస్సు యాడ వస్తదన్నా, ఎక్కు, హఫీజ్‌పేట్‌ల దింపుతం అన్నాడు. ఆమె తొట్టిలో గిన్నెలు పక్కకి జరిపి గోనెపట్టా పరిచింది.

అలా కూర్చుని బయల్దేరాను. నా ఒళ్ళో సొట్టపడిన ఇడ్లీపాత్ర. ఫ్లైఓవర్ల కింద, అద్దాల మేడల పక్కన, ప్రతి సిగ్నల్ దగ్గరా కార్లవాళ్ళు నన్ను చూశారు, నేను పాత్రని చూసుకున్నాను. గచ్చిబౌలిలో వాళ్ళ జాగ మీదుగానే దారి. అక్కడ ఇంకెవరిదో పొయ్యి వెలుగుతోంది, చుట్టూ మెడలో కార్డుల పిల్లలు నిలబడి తింటున్నారు. ఆమె ముఖం అటు తిప్పలేదు. ఆయన కూడా తిప్పలేదు. ముందుకి వంగి రోడ్డునే చూస్తూ నడిపాడు.

జీవితమంతా ఇంజిను ఆగకూడదని పనిచేసినవాణ్ణి. ఆ దారిలో మాత్రం, ఒక్కసారి ఆగితే బాగుండునని కోరుకున్నాను. ఆగితే దిగుతాను, ఏదో ఒకటి విప్పుతాను, చేతులకి నూనె పూసుకుంటాను, వాళ్ళ వీపుల వైపు చూస్తూ కూర్చోవడం తప్పుతుంది. ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా చెవులు రిక్కించి విన్నాను.

హఫీజ్‌పేట్ దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.